పికప్ స్టీరింగ్ బరువెక్కితే పంపు పోయినట్టేనా?

2018 సెప్టెంబరులో జనరల్ మోటార్స్ కంపెనీ పది లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. అన్నీ 2015 మోడల్ షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెరా 1500 పికప్‌లు, వాటితోపాటు అదే కంపెనీ పెద్ద ఎస్‌యూవీలు. నెమ్మదిగా పోతూ మలుపు తిప్పుతున్నప్పుడు పవర్ స్టీరింగ్ సాయం ఒక్క క్షణం ఆగిపోయి, వెంటనే ఒక్క ఊపున తిరిగి వచ్చేస్తోందన్నది ఫిర్యాదు. అంతకు ముందు ఏడాది 2014 మోడల్ పికప్‌లనూ ఇదే తరహా లోపానికి పిలిచారు. ఒక్క అమెరికాలోనే అవి 7 లక్షలకు దగ్గరగా ఉన్నాయి. వాటిని బాగుచేయడానికి మెకానిక్‌లు పంపులు విప్పలేదు, పైపులు మార్చలేదు. సాఫ్ట్‌వేర్ మార్చి పంపేశారు.

విజయవాడ ఆటోనగర్‌కు బొలెరో పికప్ తీసుకెళ్ళి "స్టీరింగ్ టైటయింది" అంటే వేరే కథ. బానెట్ లేపుతారు, ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తారు, బెల్టును బొటనవేలితో నొక్కుతారు. చాలాసార్లు వినిపించే తీర్పు "పంపు పోయిందన్నా". కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు కొత్త పంపు బిగించి, డబ్బులు కట్టి, గేటు దాటేలోపే డ్రైవరుకు అర్థమైపోతుంది, బరువు ఎక్కడున్నది అక్కడే ఉందని.

ఒకే ఫిర్యాదు వెనుక ఇన్ని రకాల లోపాలు ఉండటానికి కారణం ఉంది. లోడు మీదున్న బండిని నిలబెట్టి ముందు చక్రాలు తిప్పాలంటే చాలా శక్తి కావాలి. అది డ్రైవరు చేతుల్లోంచి రాదు, ఇంజిను నుంచో బ్యాటరీ నుంచో వస్తుంది. వచ్చే దారిలో ఎక్కడ కారిపోయినా, ఎక్కడ అడ్డుపడినా చేతికి తెలిసేది మాత్రం ఒకటే, బరువు.

పవర్ పోతే పోయేది సాయం, పట్టు కాదు

ముందుగా ఒక భయం తీర్చుకోవాలి. పవర్ స్టీరింగ్ పనిచేయకపోతే బండి అదుపు తప్పిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు రోడ్ల మీదున్న దాదాపు అన్ని పికప్‌లలో స్టీరింగ్ చక్రానికీ ముందు చక్రాలకూ మధ్య ఇనుప లంకె తెగకుండా ఉంటుంది. స్టీరింగ్ కింద కాలమ్, దాని కింద క్రాస్ జాయింట్లున్న షాఫ్టు, ఆ తర్వాత స్టీరింగ్ బాక్స్, అక్కడి నుంచి డ్రాప్ ఆర్మ్, రాడ్లు, వాటి కొసల్లో ఎండ్‌లనే కీళ్ళు, చివరికి చక్రం. కొన్ని బండ్లలో బాక్స్ బదులు పళ్ళ కడ్డీ, అంటే రాక్ ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఈ లంకెకు పక్కనుంచి తోడు పట్టే ఏర్పాటు మాత్రమే. తోడు ఆగిపోయినా లంకె మిగులుతుంది.

అలాగని పవర్ పోయిన బండి పాతకాలపు మాన్యువల్ స్టీరింగ్ బండితో సమానం కాదు. సాయం లేదని తెలిసి చేసిన బండికి స్టీరింగ్ ఎక్కువ చుట్లు తిరిగేలా పళ్ళు పెడతారు. చుట్లు ఎక్కువైతే చేతి మీద బరువు తగ్గుతుంది. సాయం ఉంటుందని తెలిసి చేసిన బండికి చుట్లు తగ్గిస్తారు. పైగా చచ్చిన పంపు, బాక్స్ నిండా ఉన్న ఆయిల్ కూడా చేతికి ఎదురు తిరుగుతాయి. అందుకే "పాత బండే నయం" అనే పాత డ్రైవరు మాట కొట్టిపారేయాల్సింది కాదు.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. టైరు దొర్లుతుంటే సులువుగా పక్కకు ఒరుగుతుంది. నిలబడి ఉంటే రబ్బరు రోడ్డును రాసుకుంటూ తిరగాలి. హైవే మీద తిన్నగా పోతుండగా సాయం ఆగిపోతే డ్రైవరుకు ఆ సంగతే తెలియకపోవచ్చు. యూటర్న్ దగ్గర తెలుస్తుంది. కూరగాయల మార్కెట్లో బండిని రివర్స్ చేసేటప్పుడు భుజాలకు తెలుస్తుంది.

ఈ ఏర్పాటు పుట్టిందే లారీల బాధ చూసి. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీ లారీల విభాగంలో ఇంజినీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో ఆయిల్ ఒత్తిడితో నడిచే పవర్ స్టీరింగ్‌ను చేసి చూపించాడు. మామూలు కొనుగోలుదారుల చేతికి అది 1951లో గానీ రాలేదు, అదీ క్రైస్లర్ ఇంపీరియల్ అనే ఖరీదైన కారులో.

ఆయిల్‌తో తోయడం ఎలా జరుగుతుంది

ఇంజిను బెల్టుతో తిరిగే చిన్న పంపు ఆయిల్‌ను లాగి, హోజ్ పైపు గుండా స్టీరింగ్ బాక్స్‌కు పంపుతుంది. బాక్స్‌లో ఒక పిస్టన్ ఉంటుంది. ఆయిల్‌ను దాని ఒక వైపుకు పంపితే చక్రాలు ఒక దిక్కుకు, రెండో వైపుకు పంపితే రెండో దిక్కుకు తోయబడతాయి. ఏ వైపుకు పంపాలో తేల్చేది టార్షన్ బార్. సెంటీమీటరు లావు కూడా ఉండని ఉక్కు కడ్డీ అది. డ్రైవరు స్టీరింగ్ తిప్పబోతే చక్రాలు వెంటనే కదలవు కాబట్టి మధ్యలో ఈ కడ్డీ కొన్ని డిగ్రీలు మెలిపడుతుంది. ఆ మెలికకు దాని చుట్టూ ఉన్న వాల్వు గాళ్ళు పక్కకు జరిగి ఆయిల్‌కు దారి తెరుస్తాయి. చక్రాలు తిరిగి అందుకోగానే మెలిక పోతుంది, దారి మూసుకుంటుంది. డ్రైవరు ఎంత గట్టిగా తిప్పితే సాయం అంత ఎక్కువ. తిన్నగా పోయేటప్పుడు ఆయిల్ ఊరికే చుట్టు తిరిగి డబ్బాలోకి వచ్చేస్తుంది.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసమే అయినా పికప్ స్థాయికి దగ్గరవే. పిస్టన్ వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లు, పంపు ఇచ్చే గరిష్ఠ ఒత్తిడి 80 బార్ అనుకోండి. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు ఒక కిలో బరువు. 30ని 80తో గుణిస్తే 2,400 కిలోల తోపుడు. ఆ పిస్టన్ ఈ కొస నుంచి ఆ కొసకు 8 సెంటీమీటర్లు కదలాలంటే 240 మిల్లీలీటర్ల ఆయిల్ కావాలి. డ్రైవరు స్టీరింగును రెండు సెకన్లలో తిప్పేయాలనుకుంటే పంపు నిమిషానికి 7.2 లీటర్ల లెక్కన పోయాలి. ఇంత ఒత్తిడితో ఇంత ఆయిల్ పోయడానికి పట్టే శక్తి సుమారు ఒక కిలోవాట్. కొన్ని సెకన్ల పాటే అయినా మనిషి చేతులు ఇవ్వగలిగింది కాదది.

ఐడ్లింగ్‌లో బరువు, రేస్ ఇస్తే తేలిక

పంపు జబ్బును పట్టించే అసలు గుర్తు ఇదే. పై లెక్కనే కొనసాగిస్తే, పంపు ఒక్క చుట్టుకు 10 మిల్లీలీటర్లు పోస్తుందనుకోండి. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిను ఊరికే తిరిగేటప్పుడు, నిమిషానికి 750 చుట్లు తిరిగితే వచ్చేది 7.5 లీటర్లు. కావలసింది 7.2. కొత్త పంపుకే అక్కడికక్కడ సరిపోతోంది. పంపులో ఆయిల్‌ను తోసే చిన్న రేకులు, అవి రాసుకునే ఉంగరం అరిగి, లోపల్లోపలే నిమిషానికి రెండు లీటర్లు వెనక్కి జారిపోతున్నాయనుకుందాం. మిగిలేది 5.5. ఇక స్టీరింగ్ గబుక్కున తిప్పబోతే మధ్యలో గోడకు తగిలినట్టు ఆగుతుంది, మెల్లగా తిప్పితే తిరుగుతుంది. అదే బండికి రేస్ ఇచ్చి 1,500 చుట్లకు తెస్తే 15 లీటర్లలో రెండు పోయినా 13 మిగులుతాయి. బరువు మాయం. జారిపోవడం తగ్గలేదు, రాబడి పెరిగిందంతే. నిజం పంపులో ఒక వాల్వు అదనపు ప్రవాహాన్ని మళ్ళించేస్తుంది కాబట్టి 13 మొత్తం బాక్స్‌కు చేరదు, అవసరమైనంత చేరుతుంది.

వేడెక్కిన ఆయిల్ పలచబడి ఇంకా ఎక్కువ జారుతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం లోడు దించే వేళకు బరువెక్కే పికప్‌ల సంగతి ఇది.

అయితే ఇదే గుర్తును బెల్టు కూడా చూపించగలదు. వదులైన బెల్టు పుల్లీ మీద జారుతుంటే పంపు ఎంత కొత్తదైనా చుట్లు తగ్గుతాయి. తేడా చెవికి తెలుస్తుంది. స్టీరింగ్ కొసదాకా తిప్పినప్పుడు కీచుమని అరిస్తే బెల్టు మీద అనుమానం. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ అదే బెల్టు తిప్పే బండ్లలో స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కి, అదే క్షణంలో డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగితే బెల్టు తెగినట్టు దాదాపు ఖాయం. వాటర్ పంపు కూడా దాని మీదే ఉంటే కాసేపటికి టెంపరేచర్ ముల్లు లేస్తుంది. అక్కడ స్టీరింగ్ బరువు అన్నిటికన్నా చిన్న సమస్య.

రోద, నురగ, తప్పుడు ఆయిల్

స్టీరింగ్ తిప్పుతుంటే సన్నగా మొదలై తిప్పేకొద్దీ పెరిగే మూలుగు సాధారణంగా ఆయిల్‌లో గాలి చేరినందుకు వస్తుంది. గాలి బుడగలు పంపులో ఒత్తిడికి చితికి లోహాన్ని కొరుకుతాయి. డబ్బా మూత తీస్తే సాక్ష్యం కనిపిస్తుంది. ఎర్రగా, తేటగా ఉండాల్సిన ఆయిల్ గులాబీ రంగు నురగలా ఉంటుంది. ఆయిల్ తగ్గడం ఒక కారణం. ఇంకో కారణం చాలామందికి తట్టదు. డబ్బా నుంచి పంపుకు వెళ్ళే పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. దాని క్లాంపు కాస్త వదులైతే ఆయిల్ చుక్క కూడా బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కింద మరక లేదు, పైన రోద ఉంది. ఇలాంటి బండికే పంపు మార్చేస్తుంటారు. కొత్త పంపు కూడా అదే గాలి తాగి అదే మూలుగు మొదలుపెడుతుంది.

కొసదాకా తిప్పి అలాగే పట్టుకునే అలవాటు గురించీ చెప్పాలి. అక్కడ పిస్టన్ ఇక కదలదు, పంపు మాత్రం తోస్తూనే ఉంటుంది. ఒత్తిడి మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ అక్కడక్కడే తిరుగుతుంది. ఆ కిలోవాట్ అంతా వేడిగా మారుతుంది. లీటరు ఆయిల్‌లో ఇస్త్రీ పెట్టె ముంచి స్విచ్చి వేసినంత పని. లెక్క ప్రకారం సెకనుకు అర డిగ్రీకి పైనే పెరుగుతుంది, అరనిమిషంలో 15 డిగ్రీలు దాటుతుంది. ఒకటి రెండు సార్లకు ఏమీ కాదు. ఇరుకు గోదాముల్లో రోజంతా ఇదే పనిగా తిరిగే పికప్‌లో సీళ్ళు గట్టిపడి పగలడం మొదలవుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది బండి పుస్తకంలోనో డబ్బా మూత మీదో రాసి ఉంటుంది. చాలా బండ్లకు ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే డెక్స్‌రాన్ రకం ఎర్ర ఆయిల్ నడుస్తుంది. కొన్నిటికి వేరే రకం కావాలి, రంగు కూడా వేరు. ప్రమాదం వచ్చేది ఆయిల్ కారిపోయి దారిలో నిలబడ్డప్పుడు, చేతికందిన డబ్బా వంచేయడంలో. పోసింది బ్రేక్ ఆయిల్ అయితే మామూలు నష్టం కాదు. అది గ్లైకాల్ జాతి ద్రవం, పవర్ స్టీరింగ్ సీళ్ళ రబ్బరు పెట్రోలియం జాతి ఆయిల్‌ను తట్టుకునేది. రెండింటికీ పడదు. సీళ్ళు ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్ళకు పంపు దగ్గరా బాక్స్ దగ్గరా ఒకేసారి కారడం మొదలవుతుంది.

ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. కొన్ని కంపెనీలు గడువే చెప్పవు, బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుందన్నట్టు వదిలేస్తాయి. మూసి ఉన్న వ్యవస్థ కాబట్టి కారకపోతే మార్చక్కర్లేదన్నది వాటి వాదన. వర్క్‌షాపుల వాళ్ళు నల్లబడ్డ ఆయిల్ చూపించి, ఆ నలుపు అరిగిన లోహం, రబ్బరు కాదా అని అడుగుతారు. రెండు వైపులా నిజం ఉంది. తేలిక లోడుతో ఊళ్ళో తిరిగే బండికి మొదటి వాదన సరిపోతుంది. నూజివీడు మామిడి, భీమవరం రొయ్య మోసే బండి ఆయిల్ చూసే వేడి వేరు. దానికి రెండో వాదనే నప్పుతుందని నాకనిపిస్తుంది.

పంపు మార్చినా తగ్గని బరువు

ముందు ఇరుసును జాకీతో లేపి, ఇంజిను ఆపి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడటం మంచి మెకానిక్‌లు చేసే మొదటి పని. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, అయినా చాలాచోట్ల జరగదు. చక్రాలు గాల్లో ఉన్నాయి కాబట్టి రోడ్డు రాపిడి లేదు. ఇంజిను ఆగింది కాబట్టి పవరూ లేదు. ఇప్పుడూ బిగుతుగా తిరిగితే తప్పు ఇనుప లంకెలోనే ఉంది, పంపుకు సంబంధం లేదు.

ముగ్గురు డ్రైవర్లు ఒకే మాట చెబుతూ మూడు పికప్‌లు తెచ్చారనుకుందాం.

మొదటి దానికి ఐడ్లింగ్‌లోనే బరువు. రెండు వైపులా ఒకేలా ఉంది. జాకీ మీద తేలిగ్గా తిరిగింది. పంపు, బెల్టు, ఆయిల్ ఈ మూడింటిలోనే వెతకాలి.

రెండోది ఎంత రేస్ ఇచ్చినా బరువే. ఇంకో గుర్తు కూడా ఉంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతటది తిన్నగా రావడం లేదు, డ్రైవరే వెనక్కి తిప్పుకోవాలి. జాకీ మీదా బిగుతే. ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమయ్యే కింగ్‌పిన్నులు, బాల్ జాయింట్లు గ్రీజు ఎండిపోతే ఇలాగే చేస్తాయి. వరదనీళ్ళలో తిరిగిన బండ్లలో షాఫ్టు క్రాస్ జాయింట్ తుప్పు పట్టి, ఒక్కో చుట్టులో రెండుచోట్ల బిగిసి మళ్ళీ వదలడం కూడా కనిపిస్తుంది. ఈ బండికి పంపు మారిస్తే గ్రీజు పని పంపు ఖరీదుకు చేయించుకున్నట్టు.

మూడోది కుడికి తేలిక, ఎడమకు బరువు. పంపుకు కుడి ఎడమలు తెలియవు. అది పోసే ఆయిల్ ఒకటే, పంచేది బాక్స్‌లోని వాల్వు. కాబట్టి సందేహం వాల్వు మీదికో పిస్టన్ సీలు మీదికో పోతుంది. స్టీరింగ్ బరువేమీ లేకుండా బండి ఒక పక్కకు లాగుతోందంటే మాత్రం బాక్స్ విప్పే ముందు టైర్ల గాలి, అలైన్‌మెంట్, పట్టేసిన బ్రేకు చూస్తారు.

ప్లే రావడం పూర్తిగా వేరే సంగతి. స్టీరింగ్ రెండు మూడు అంగుళాలు తిప్పినా చక్రం కదలకపోతే ఎండ్‌లు అరిగాయో, బాక్స్ లోపల పళ్ళు అరిగాయో చూడాలి. ముందు చక్రాలు రెండింటినీ ఒకే గట్టి ఇరుసు కలిపే ఫోర్డ్ సూపర్ డ్యూటీ, ర్యామ్ 2500 లాంటి బండ్లలో ఈ అరుగుదల ముదిరితే హైవే మీద ఒక గుంత తగిలి ముందు భాగమంతా ఊగిపోతుంది. అమెరికా డ్రైవర్లు దాన్ని డెత్ వోబుల్ అంటారు. టెక్సాస్‌లో పాత డీజిల్ పికప్ కొన్న మనవాళ్ళకు ఈ మాట పరిచయమే ఉండొచ్చు. ఊపును అణిచే స్టీరింగ్ డాంపర్ కొత్తది బిగిస్తే ఊపు ఆగినట్టుంటుంది. అరుగుదల లోపల అలాగే ఉంటుంది.

లోడు ఎక్కడ పడితే స్టీరింగ్ అలా

పికప్‌కే ప్రత్యేకమైన చిక్కు ఇది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు, ఖాళీ బండిలో ముందు ఇరుసు మీద 900 కిలోల బరువు ఉందనుకోండి. 1,500 కిలోల సరుకు మధ్యభాగం వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు పడేలా సర్దితే అందులో పదో వంతు, 150 కిలోలు ముందు చక్రాలకు చేరుతుంది. మొత్తం 1,050. పార్కింగులో స్టీరింగ్ కాస్త బరువుగా అనిపించడం సహజం.

అదే 1,500 కిలోలు ఇనుప చువ్వలై, తలుపు దాటి వెనక్కి పొడుచుకొచ్చి, మధ్యభాగం ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక పడితే లెక్క తిరగబడుతుంది. ముందు ఇరుసు మీద 150 కిలోలు పెరగడం పోయి 150 తగ్గుతాయి. మిగిలేది 750. ఇప్పుడు స్టీరింగ్ హాయిగా, వేలితో తిప్పేంత తేలిగ్గా ఉంటుంది. "స్టీరింగ్ తేలిపోతోంది" అనే ఫిర్యాదు ఇక్కడిదే. పవర్ స్టీరింగ్ చక్కగా పనిచేస్తోంది, టైర్లకే రోడ్డు మీద పట్టు చాలడం లేదు. బరువెక్కడం కంటే ఇది ప్రమాదకరం. అయినా వర్క్‌షాపుకు ఫిర్యాదుగా వచ్చేది తక్కువ, ఎందుకంటే చేతికి సుఖంగా ఉంటుంది.

వెడల్పు టైర్లు, చక్రాలను బయటికి తెచ్చే స్పేసర్లు వేసిన షోకు బండ్లలో దీనికి వ్యతిరేకం. చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసుగీతకూ టైరు మధ్యకూ దూరం పెరిగి, పంపు మీద ఎప్పుడూ అదనపు మోత ఉంటుంది.

బ్రేకుకూ స్టీరింగ్‌కూ ఒకే పంపు ఉంటే

అమెరికా హెవీ డ్యూటీ పికప్‌లలో చాలావాటికి స్టీరింగ్ పంపు బ్రేకుకు కూడా సాయం చేస్తుంది. డీజిల్ ఇంజినులో పెట్రోలు ఇంజినులా బ్రేకు మీద కాలి బలాన్ని పెంచే బూస్టరుకు సరిపడే పీల్పు పుట్టదు. వేరే వాక్యూమ్ పంపు పెట్టడం ఒక దారి, స్టీరింగ్ ఆయిల్ ఒత్తిడినే వాడుకోవడం ఇంకో దారి. ఈ రెండోదాన్నే హైడ్రోబూస్ట్ అంటారు. బ్రేకు తొక్కుతూ స్టీరింగ్ తిప్పినప్పుడే బరువెక్కితే, విడివిడిగా రెండూ బాగుంటే, పంపు ఇద్దరికీ సరిపోవడం లేదన్నమాట. ఇంజిను ఆగినా రెండు మూడు సార్లు బ్రేకు పడేలా కొంత ఒత్తిడిని నిల్వ ఉంచుతారు. స్టీరింగ్‌కు అలాంటి నిల్వ ఉండదు.

తీగ మీదుగా వచ్చే కిలోవాట్

ఆయిల్ పంపు బండి తిన్నగా పోతున్నా తిరుగుతూ డీజిల్ తాగుతూనే ఉంటుంది. తిప్పినప్పుడే పనిచేసే మోటారు పెడితే ఆ ఖర్చు మిగులుతుంది. కార్లలో ఇది ముందే వచ్చింది. పెద్ద పికప్‌లలో ఫోర్డ్ ఎఫ్-150 2011 మోడల్‌తోనూ, ర్యామ్ 1500 2013తోనూ, సిల్వరాడో 1500 2014తోనూ ఇటు మళ్ళాయి. మన దగ్గర 2019లో వచ్చిన టాటా ఇంట్రా చిన్న పికప్ ఎలక్ట్రిక్ స్టీరింగ్‌తోనే దిగింది.

టార్షన్ బార్ ఇందులోనూ ఉంటుంది. దాని మెలికను వాల్వు బదులు సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటరు మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో లెక్క వేస్తుంది. చిన్న బండ్లలో మోటారు కాలమ్ మీదే ఉంటే చాలు. ఎఫ్-150 లాంటి వాటిలో దాన్ని రాక్ మీదికి తెచ్చారు.

కావలసిన శక్తి మాత్రం మారలేదు, అదే కిలోవాట్. నష్టాలు పక్కన పెట్టినా, 12.5 వోల్టుల బ్యాటరీ నుంచి 1,000 వాట్లు లాగాలంటే 80 ఆంపియర్లు. ఇప్పుడు బ్యాటరీ ఎర్తింగు తీగ కొస తుప్పు పట్టి 0.02 ఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి. 80ని దాంతో గుణిస్తే 1.6 వోల్టులు అక్కడే పోతాయి. మోటారుకు చేరేది 10.9. మరీ తగ్గితే కంప్యూటరు సాయం ఆపేస్తుంది. ఆపగానే 80 ఆంపియర్ల లాగుడు పోతుంది, వోల్టేజీ లేస్తుంది, సాయం మళ్ళీ మొదలవుతుంది. డ్రైవరు చేతిలో స్టీరింగ్ ఒక క్షణం రాయై, మరుక్షణం దూదై పోతుంది. జనరల్ మోటార్స్ రీకాల్ చేసిన బండ్లలోనూ లోపం ఈ వోల్టేజీ తగ్గుదల చుట్టూ ఉన్నదే. నెమ్మదిగా తిరిగే మలుపుల్లోనే అది ఎక్కువ కనిపించడానికి కారణమూ ఇదే. మోటారు ఎక్కువ లాగేది అప్పుడే, ఐడ్లింగ్‌కు దగ్గరగా ఉన్న ఆల్టర్నేటర్ తక్కువ ఇచ్చేదీ అప్పుడే.

అదే తుప్పు తీగను టెస్ట్ లైటుతో చూస్తే ఏమీ దొరకదు. 5 ఆంపియర్ల బల్బుకు 0.02 ఓమ్‌ల దగ్గర పోయేది 0.1 వోల్టు. బల్బు మామూలుగా వెలుగుతుంది. "కరెంటు బాగానే వస్తోంది" అని మెకానిక్ అన్నది అబద్ధం కాదు, ఆ పరీక్ష ఈ లోపాన్ని పట్టలేదంతే.

వరుసగా నాలుగైదుసార్లు కొసదాకా తిప్పాక బరువెక్కి, కాసేపు ఆగితే మామూలయ్యేది కూడా ఒకటుంది. మోటారు కాలిపోకుండా కంప్యూటరు సాయం తగ్గిస్తుంది. అది లోపం కాదు, కాపలా. సెన్సర్ రీడింగుల మీద అనుమానం వచ్చినా వ్యవస్థ తప్పుడు వైపు తిప్పే సాహసం చేయకుండా సాయం మానేసి లైటు వెలిగిస్తుంది.

సాయం పోవడం లోపమా, ప్రమాదమా

కంపెనీలకూ నియంత్రణ సంస్థలకూ మధ్య వాదన ఇక్కడుంది. లంకె తెగలేదు, బలం పెడితే బండి తిరుగుతుంది కాబట్టి ఇది భద్రతా లోపం కాదన్నది ఒక వైపు. 2010 మార్చిలో షెవర్లే కోబాల్ట్ తదితర 13 లక్షల చిన్న కార్లను పవర్ స్టీరింగ్ కోసం రీకాల్ చేసినప్పుడు కూడా, సాయం పోయినా బండిని అదుపు చేయవచ్చనే జనరల్ మోటార్స్ చెప్పింది.

ఆ మాటకు నిబంధనల్లో కొంత ఆధారం ఉంది. ఐక్యరాజ్యసమితి 79వ నంబరు వాహన నిబంధన ప్రకారం, మూడున్నర టన్నుల లోపు సరుకు బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంలో సాయం లేకుండా 20 మీటర్ల వ్యాసార్థపు మలుపులోకి తిరగడానికి స్టీరింగ్ మీద 300 న్యూటన్లకు మించి, అంటే సుమారు 30 కిలోల బలం మించి పట్టకూడదు. సాయం ఉన్నప్పుడు ఈ పరిమితి 200 న్యూటన్లు, మలుపు వ్యాసార్థం 12 మీటర్లు. సాయం పోవచ్చని నిబంధనే ఒప్పుకుని, పోయాక ఎంత బరువు దాకా ఫర్వాలేదో గీత గీసింది.

రెండో వైపు వాళ్ళు మొత్తం బరువును కాదు, మార్పును చూడమంటారు. ముందే తెలిస్తే 30 కిలోల బలం చాలామంది పెట్టగలరు. మలుపు మధ్యలో మూడు కిలోలు ఉన్నది హఠాత్తుగా ముప్పై అయితే బండి మలుపు బయటికి పోతుంది. గట్టిగా లాగుతున్న క్షణంలో సాయం తిరిగొస్తే లోపలికి దూకుతుంది. ఆ ముప్పై కిలోలు కూడా అందరి చేతుల్లోనూ ఉండవు. నాకు ఈ వాదనే బలంగా కనిపిస్తుంది. నెలల తరబడి మెల్లగా బరువెక్కే అరిగిన పంపుకు డ్రైవరు తెలియకుండానే అలవాటు పడతాడు, క్షణంలో పోయి క్షణంలో వచ్చే సాయానికి పడలేడు.

లంకెనే తీసేస్తే

2023 నవంబరు చివర్లో కొనుగోలుదారులకు అందడం మొదలైన టెస్లా సైబర్‌ట్రక్‌లో స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప లంకె లేదు, తీగలే. "పవర్ పోయినా పట్టు పోదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. అందుకే ముందు చక్రాలను తిప్పడానికి ఒకటి చెడితే ఇంకొకటి ఉండేలా మోటార్లను జంటగా పెట్టారు. దానిలో ఉపకరణాల వ్యవస్థ 12 బదులు 48 వోల్టులది. పై లెక్కే మళ్ళీ వేస్తే అదే కిలోవాట్‌కు 21 ఆంపియర్లు చాలు. అదే తుప్పు తీగ దగ్గర పోయేది 0.4 వోల్టు, అదీ 48లో.

ఆయిలా, మోటారా

లీకులు, బెల్టు, నురగ, తప్పుడు ఆయిల్ బెడదలన్నీ ఎలక్ట్రిక్‌లో లేవు. డీజిల్ కొంత మిగులుతుంది. ఆయిల్ వ్యవస్థను సమర్థించేవాళ్ళు రెండు సంగతులు చెబుతారు. బరువు పెరిగేకొద్దీ 12 వోల్టుల మోటారుకు ఊపిరాడదు. హెవీ డ్యూటీ పికప్‌లు ఇన్నాళ్ళు ఆయిల్‌ను వదలకపోవడానికి ఇదొక కారణం. రెండోది రిపేరు. సీల్ కిట్ తెచ్చి బాక్స్ విప్పి కూర్చోగల మనిషి మండల కేంద్రంలో కూడా దొరుకుతాడు. ఎలక్ట్రిక్ కాలమ్‌లో సెన్సర్ పోతే చాలా సందర్భాల్లో మొత్తం యూనిట్ మార్చాల్సిందే. లీటరు ఆయిల్ ఖర్చుతో పోయే జబ్బు అక్కడ లేదు.

సెకండ్ హ్యాండ్ యూనిట్ వేస్తే సరిపోతుందనుకునేవాళ్ళకు ఇంకో మెలిక ఎదురవుతుంది. చాలా బండ్లలో కాలమ్‌నో రాక్‌నో మార్చాక, కొన్నిటిలో అలైన్‌మెంట్ చేయించాక కూడా, "తిన్నగా" అంటే ఎక్కడో స్టీరింగ్ సెన్సర్‌కు స్కానర్‌తో మళ్ళీ నేర్పాలి. నేర్పకపోతే బోల్టులన్నీ సరిగ్గా బిగించిన బండి కూడా తిన్నటి రోడ్డు మీద ఒక పక్కకు మొగ్గు చూపవచ్చు, లేదా లైటు వెలిగించి సాయం మానేయవచ్చు. స్కానర్ ఉన్న షాపులు ఆటోనగర్‌లో ఇప్పుడు బాగానే ఉన్నాయి. దాన్ని కొన్న మెకానిక్ బండి రాగానే ముందు బానెట్ లేపడు, డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కిందికి వంగి స్కానర్ పిన్ను గుచ్చుతాడు.